ఇరుగుడు చేవ, మహాగని: రెండు గిటార్ల వెనక రెండు చెట్ల కథ

బి.ఏ. తెలుగు చదివినందుకు నాకు మిగిలిన అలవాటు ఒకటే. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని పేరు ఎక్కడ పుట్టిందో వెతకడం. మావారు దీన్ని "నీ పిచ్చి" అంటారు. అననివ్వండి. ఈసారి ఆ పిచ్చి గిటార్ మీద పడింది, నాలుగైదు వేల రూపాయలు మిగిల్చింది కూడా.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో గిటార్ కొనుక్కుంటానంది. కొత్తది అందుబాటులో లేదు కాబట్టి పాతవి చూడటం మొదలుపెట్టాం. ఫోనులో ప్రకటనలన్నీ రెండు మాటల చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి రోజ్‌వుడ్, రెండోది మహాగని. రోజ్‌వుడ్ అని ఉంటే చాలు, నాలుగైదు వేలు ఎక్కువ. ఎందుకండీ అని ఒకాయన్ని ఫోనులో అడిగాను. "రోజ్‌వుడ్ కదా మేడమ్!" అన్నాడు. ఇంకొకర్ని అడిగినా అదే జవాబు. ఇంటిపేరు చెప్పి కట్నం అడిగినట్టనిపించింది నాకు. ఆ నాలుగైదు వేలంటే మా పిల్లకి గిటార్ నేర్పే మాస్టారి మూడు నెలల ఫీజు. చెక్క పేరు కోసం పాఠాలు వదులుకోవాలా అన్నది అసలు ప్రశ్న. అది తేలాలంటే ఆ రెండు పేర్ల చరిత్ర తెలియాలి.

ముందుగా, గిటార్ గురించి తెలియనివారి కోసం ఒక మాట. తీగల కింద, మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండే ముందు పలక చాలా గిటార్లకి స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టుది. మన దేవదారుకి దూరపు చుట్టం. రోజ్‌వుడ్, మహాగని అనే తేడా వెనక పలకలోనూ, చుట్టూ వంచి అతికించే పక్క పలకల్లోనూ ఉంటుంది. అంటే వాయించేటప్పుడు మన పొట్టకి ఆనుకుని, ఎదుటివాళ్ళకి కనిపించని వైపు. పోటీ అంతా ఆ కనిపించని చెక్క గురించే.

ఇక పేర్లు. రోజ్‌వుడ్‌కి మన భాషలో పేరుందా అని వెతికితే ఒకటి కాదు, రెండు దొరికాయి. ఇరుగుడు, జిట్రేగి. ఇరుగుడు చేవ అని కూడా అంటారు. చేవ అంటే మీకు తెలుసు కదా, మాను నడిమధ్య ముదిరి గట్టిపడిన భాగం. "చేవ ఉన్న మనిషి", "చేవ చచ్చినవాడు" అనేవి అక్కడి నుంచి వచ్చినవే. ఇరుగుడు మానుకి పైపొర తెల్లగా ఉంటుంది. లోపలి చేవ మాత్రం ఊదారంగు కలిసిన నలుపు. గిటార్‌కి వాడేది ఆ చేవే.

జిట్రేగి అన్న మాట నాకు పుస్తకంలో దొరకలేదు, మా బొల్లారం బజారులో వడ్రంగి పనిచేసే పెద్దాయన నోట విన్నాను. మా ఇంట్లో మామగారి కుర్చీ ఒకటుంది. 1970ల్లో ఇక్కడ కంటోన్మెంట్‌లో ఒక బంగళా ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తుంటే కొన్నారట. చేతికర్ర ఊడితే బాగుచేయడానికి వచ్చిన పెద్దాయన దాన్ని గోటితో గీకి, "అమ్మా, గిది జిట్రేగి చేవ. గిప్పుడు యాడ దొరుకుతది?" అన్నారు. ఇన్నేళ్ళూ మేము దాన్ని టేకు అనుకుంటున్నాం. మా అమ్మాయి ఫోనులో చూస్తున్న గిటార్ల చెక్కా, వాళ్ళ తాతయ్య కూర్చున్న కుర్చీ చెక్కా ఒకే జాతి చెట్టువి!

ఈ చెట్టుకి శాస్త్రనామం డాల్బెర్జియా లాటిఫోలియా. ఆ పేరు పెట్టిన మనిషికీ మనకీ సంబంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నాడు. వైద్యం కంటే మొక్కల మీద మక్కువ ఎక్కువ. అక్కడే తోట వేశాడు, మిరియాలు పండించే ప్రయత్నాలు చేశాడు, చుట్టుపక్కల అడవుల్లో చెట్లన్నిటినీ గమనించి వర్ణన రాసుకున్నాడు. స్థానికులు వాటిని తెలుగులో ఏమని పిలుస్తారో కూడా రాసుకున్నాడు. 1787లో కోరింగ ఉప్పెన అతను పోగుచేసిన పుస్తకాలనీ, మొక్కల నమూనాలనీ మింగేసింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ శ్రమంతా 1795 నుంచి "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే పెద్ద పుస్తకంగా లండన్‌లో భాగాలు భాగాలుగా వెలువడింది. అందులో మూడు వందల బొమ్మలున్నాయి. వేసింది మన దేశపు చిత్రకారులే. రాక్స్‌బర్గ్ పేరు చెట్టు పేరు పక్కన ఇవాళ్టికీ ఉంది. ఆ బొమ్మలు వేసిన చేతుల పేర్లు లేవు. ఇంటి చాకిరీ చేసే మనకి ఇది కొత్తగా అనిపించదు లెండి.

రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళి అక్కడి కంపెనీ తోటకి పెద్ద అయ్యాడు. రెండేళ్ళకి, 1795లో, వెస్టిండీస్ నుంచి మహాగని ఆ తోటకి వచ్చింది. మన దేశంలో మహాగని మొదలైంది అక్కడే. అంటే ఇవాళ ప్రకటనల్లో పోటీపడుతున్న రెండు చెట్లూ రెండు వందల ఏళ్ళ కిందట ఒకే మనిషి చేతికింద కలుసుకున్నాయి. ఒకదానికి అతను పేరు పెట్టాడు, రెండోదాన్ని పెంచాడు.

మహాగని కథ ఇంకా పాతది. 1721లో ఇంగ్లండు తన వలస దీవుల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. దాంతో జమైకా మహాగని ఓడలకొద్దీ లండన్ చేరింది. దొరల ఇళ్ళలో బల్లలు, బీరువాలు, కుర్చీలు అన్నీ దానితోనే. ఆ చెట్లు నరికి మోసింది ఆఫ్రికా నుంచి బలవంతాన తెచ్చిన బానిసలు. దీవుల్లో పెద్ద మానులు కరిగిపోయాక, మధ్య అమెరికాలో హోండురస్ వైపు పెద్దాకుల మహాగని మీద పడ్డారు. పేరు మాత్రం మారలేదు. ఆ తర్వాత ఆఫ్రికాలో మరో చెట్టు దొరికితే అది "ఆఫ్రికన్ మహాగని" అయింది. ఆసియాలో నాటో అనే చెట్టు దొరికితే దాన్ని "ఈస్టర్న్ మహాగని" అని అమ్మారు. చెట్టు అయిపోయినా పేరు బతికే ఉంటుందన్నమాట.

రోజ్‌వుడ్‌కీ అదే జరిగింది. ఆ పేరు తెచ్చుకున్న వాటిలో ముఖ్యమైనది బ్రెజిల్ చెట్టు. కొత్తగా కోసిన చెక్క గులాబీ వాసన వేస్తుందని ఆ పేరు. అమెరికాలో మార్టిన్ కంపెనీ గిటార్లలో పేరుమోసిన డి-28 అనే రకానికి వెనక చెక్క బ్రెజిల్ రోజ్‌వుడ్. దాని చెల్లెలు డి-18కి మహాగని. 1960ల చివరికి బ్రెజిల్ నుంచి దుంగలు రావడం కష్టమైంది. 1969లో మార్టిన్ కంపెనీ బ్రెజిల్ చెక్క వదిలి భారతదేశపు రోజ్‌వుడ్‌కి మారింది. అంటే మన ఇరుగుడుకి! అప్పటి నుంచి ప్రపంచంలో "రోజ్‌వుడ్ గిటార్" అంటే చాలావరకు మన దక్షిణాది అడవుల చెట్టే. విచిత్రం ఏమిటంటే పాత గిటార్ల బజారులో 1969కి ముందు డి-28కి ఒక ధర, తర్వాతి డి-28కి అందులో కొద్ది భాగం. ఆకారం అదే, కంపెనీ అదే. బ్రెజిల్ చెట్టు ఇక దొరకదు, మన చెట్టు ఇంకా దొరుకుతోంది. ధరలో తేడాకి పెద్ద కారణం ఇదే.

ఇంకా దొరుకుతోంది అన్నాను కానీ, మన చెట్టు పరిస్థితీ అంతంత మాత్రమే. అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని 1992లో అందులో అత్యంత కఠినమైన మొదటి పట్టికలో చేర్చారు. పెద్దాకుల మహాగని 2003లో రెండో పట్టికకి ఎక్కింది. 2017 జనవరి 2 నుంచి డాల్బెర్జియా జాతులన్నీ ఆ రెండో పట్టిక కిందికి వచ్చాయి. మన ఇరుగుడు కూడా. దాంతో గిటార్ దేశం దాటితే కాగితాలు చూపించాల్సి వచ్చింది. చాలా కంపెనీలు తీగలు నొక్కే పట్టీకి వేరే చెక్కలు వెతుక్కున్నాయి. వాయిద్యకారులు మొత్తుకోగా, 2019 నవంబరు చివరి నుంచి తయారైన సంగీత వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. దుంగలకీ పలకలకీ మాత్రం నియమం అలాగే ఉంది. అంతకు ముందు 2011లో అమెరికాలో గిబ్సన్ గిటార్ కంపెనీ మీద ప్రభుత్వ సోదాలు జరిగినప్పుడు స్వాధీనం చేసుకున్నవాటిలో మన దేశం నుంచి వెళ్ళిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకలు ఉన్నాయి. మన ఆదిలాబాద్ వైపు వార్తల్లో "జిట్రేగి దుంగలు పట్టివేత" అని చదివి పేజీ తిప్పేస్తాం కదా, ఆ దుంగ విలువ వెనక ఇంత కథ ఉంది.

మరి మా బొల్లారంలో పాత గిటార్లు ఎందుకు దొరుకుతాయి? దానికీ చరిత్రే కారణం. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. బొల్లారంలో బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే నిజాం సేన, హైదరాబాద్ కంటింజెంట్, ఉండేది. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, ఇవాళ రాష్ట్రపతి నిలయం అని పిలుచుకునే పాత రెసిడెన్సీ భవనం ఆ కాలపు గుర్తులు. చర్చికి విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చిందంటారు. 1983లో ఎలిజబెత్ రాణి వచ్చి అందులో ప్రార్థన చేసి వెళ్ళింది. దండు ఉన్న చోట బదిలీలుంటాయి. దొర వెళ్ళిపోతూ సామాను వేలం వేయడం కంటోన్మెంట్లలో మామూలు. వచ్చే దొర అదే సామాను కొనుక్కునేవాడు. ఒకే కుర్చీలో నలుగురైదుగురు అధికారులు కూర్చుని ఉంటారు. బొంబాయి బ్లాక్‌వుడ్ అని వాళ్ళు ముచ్చటపడిన ఆ నల్ల చెక్క సామాను కూడా మన ఇరుగుడే.

తర్వాత రైలొచ్చింది. రైల్వేలతో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలొచ్చాయి. లాలాగూడ, మెట్టుగూడ కాలనీల్లో, చర్చిల్లో, రైల్వే ఇన్‌స్టిట్యూట్ల డాన్సుల్లో పియానో, వయొలిన్‌తో పాటు గిటారూ ఉండేది. 1947 తర్వాత వాళ్ళలో చాలామంది ఇంగ్లండు, ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. ఓడెక్కే ముందు అన్నీ అమ్మేశారు. ఇప్పటికీ ఇక్కడ అదే తీరు. మా వీధి చివర ఆర్మీ వాళ్ళ ఇళ్ళలో పోస్టింగ్ వచ్చిందంటే ఫ్రిజ్ నుంచి పూలకుండీల దాకా అమ్మకానికి పెడతారు. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగానికి బెంగళూరు పోయే కుర్రాళ్ళు గిటార్లు అమ్ముతారు. మా ఊళ్ళో పాత సామాను అంటే పాడైపోయిందని కాదు, యజమానికి బదిలీ అయిందని అర్థం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చెక్క మారితే మోత మారుతుందా?

ఇరుగుడు బరువైన చెక్క. ఎండిన చెక్క ఘనపు మీటరుకి సుమారు 830 కిలోలుంటే, హోండురస్ మహాగని సుమారు 590. ఇరుగుడు పలకని వేలితో కొడితే ఖంగుమని కాసేపు మోగుతుంది. మహాగని టక్‌మని ఆగుతుంది. ఇత్తడి గిన్నె, మట్టి మూకుడు తేడా అనుకోండి. అందుకే రోజ్‌వుడ్ గిటార్‌లో మందర స్వరాలు లోతుగా, మోత సాగుతూ ఉంటుందనీ, మహాగనిలో స్వరం పొడిగా, విడివిడిగా, పాటకి అడ్డు రాకుండా ఉంటుందనీ వాయించేవాళ్ళు చెబుతారు.

కానీ ఎంత తేడా? 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ అనే గిటార్ల మేస్త్రి ఒక గమ్మత్తు చేశాడు. ముందు పలక మామూలుగా మంచి చెక్కతో చేసి, వెనకా పక్కలా కాగితపు గుజ్జు అట్టతో గిటార్ కట్టాడు. మోతకి మూలం ముందు పలకే అని చూపించడానికి. మొన్న 2018లో ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకా గట్టిగా పరీక్షించారు. ఒకే మేస్త్రి చేత ఆరు గిటార్లు చేయించారు. వెనక చెక్క తప్ప అన్నీ ఒకటే. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగని, ఇంకో మూడు రకాలు. 52 మంది గిటార్ వాయించేవాళ్ళకి, ఏది ఏదో కనిపించకుండా కళ్ళకి నల్లద్దాలు పెట్టి మసక వెలుతురులో ఇచ్చారు. అందరూ ఆరింటికీ ఇంచుమించు ఒకే రకం మార్కులు వేశారు. చెక్కని బట్టి పోల్చుకోవడం వాళ్ళ వల్ల కాలేదు.

ఇది చదివాక మా అమ్మాయి ఊరుకుంటుందా? సికింద్రాబాద్‌లో పాత వాయిద్యాలు అమ్మే ఒక దుకాణంలో యమహా ఎఫ్‌జీ-820, ఎఫ్‌జీ-830 రెండూ ఉన్నాయని తెలిసి లాక్కెళ్ళింది. ఒకే ఆకారం, రెండిటికీ ముందు ఒకే స్ప్రూస్ పలక. 820కి వెనక మహాగని, 830కి రోజ్‌వుడ్. రెండిటికీ వెనకవైపు నిండు చెక్క కాదు, పొరలు అతికించిన పలక. పోల్చడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు. నేనూ మావారూ గోడవైపు తిరిగి నిలబడ్డాం. అది పదిసార్లు మార్చి మార్చి వాయించింది. నేను ఆరుసార్లు సరిగ్గా చెప్పాను, మావారు నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అయిదొస్తాయి! దుకాణం కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. అయితే ఒళ్ళో పెట్టుకుని వాయించిన పిల్లకి మాత్రం తేడా తెలిసిందట. "అమ్మా, రోజ్‌వుడ్‌ది పొట్టలోకి దిగుతోంది. కానీ ఇది నా గొంతుతో కలుస్తోంది" అని మహాగనిదే తీసుకుంది. మిగిలిన డబ్బు మాస్టారి ఫీజుకి పోయింది. ఇప్పుడు మూడు పాటలు వస్తున్నాయి, నాలుగోది ఇరుగుపొరుగు భరిస్తున్నారు.

మీలో ఎవరైనా పిల్లలకి పాత గిటార్ కొనేటట్లయితే, ఈ తిరుగుడులో నేను నేర్చుకున్నవి చెబుతాను.

"రోజ్‌వుడ్ గిటార్" అని రాసి ఉంటే ఎక్కడ రోజ్‌వుడ్ అని అడగండి. చాలాసార్లు తీగలు నొక్కే పట్టీ, తీగలు కట్టే అడ్డపట్టీ మాత్రమే రోజ్‌వుడ్, వెనక ఇంకేదో ఉంటుంది. మాకు "అసలు సిసలు రోజ్‌వుడ్" అని ఫోటోలు పంపిన ఒకాయన దగ్గర ఇదే తేలింది. వెనక పలక బయటివైపు చెక్క గీతలు చూసి, మధ్య రంధ్రంలోంచి లోపలి గీతలు చూడండి. రెండూ కలిస్తే నిండు చెక్క అనుకోవచ్చు, కలవకపోతే అతికిన పలక. అతికిన పలక తప్పేమీ కాదు. మన ఎండలకి నిలుస్తుంది కూడా. కానీ నిండు చెక్క ధర దానికి ఇవ్వకూడదు.

మెడ వంగిందేమో, తీగలు పట్టీకి మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడండి. ఎత్తుగా ఉంటే లేత వేళ్ళు కోసుకుపోయి పిల్లలు పది రోజుల్లో మానేస్తారు. అడ్డపట్టీ వెనక వైపు లేస్తోందా, ముందు పలక అక్కడ ఉబ్బిందా అన్నది వేలితో తడిమి చూడండి. నిండు రోజ్‌వుడ్ అయితే వెనక సన్నటి పగుళ్ళున్నాయేమో తిప్పి చూడండి. పొడి గాలికి మహాగని కంటే అది త్వరగా బీటలిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏ చెక్కదైనా గోడకి తగిలించి వదిలేయకుండా పెట్టెలో పెట్టి, చిల్లుల డబ్బాలో పిండిన తడి స్పాంజి ఒకటి పక్కన ఉంచితే చాలు.

ఇలాంటి చూపు మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మన బొబ్బిలి వీణ చేసేవాళ్ళు నల్ల చేవ జోలికి పోకుండా పనస దుంగనే తొలుస్తారు. తమిళనాట నరసింగంపేటలో నాదస్వరం చేసేవాళ్ళు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే ఆచ్చా దూలాలు కొంటారు. ఎన్నో ఏళ్ళు ఇంటి కప్పు మోసి బాగా ఆరిన కర్ర అయితేనే వాయిద్యానికి పనికొస్తుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళు చూసేది చెక్క పేరు కాదు, ఆ చెక్క ఎలా ఆరింది, ఎలా నిలిచింది అని.

ఆ చూపుతో చూస్తే సెకండ్ హ్యాండ్ అన్న మాట చిన్నతనం కాదు. పాతది ఒకటి కొని వాయిస్తే, కొత్తదాని కోసం ఇంకో మాను పడదు. ఇరుగుడు మాను చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది, మన పిల్లల సరదా ఒక్కోసారి ఏడాదికి తీరిపోతుంది. మా అమ్మాయి రేపు ఉద్యోగమనో పెళ్ళనో ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఈ గిటార్‌ని ఇంకెవరికైనా అమ్మేస్తే నేనేమీ బాధపడను. మా బొల్లారం ఆనవాయితీ అదే కదా!

మీ ఇళ్ళలోనూ అమ్మమ్మల నాటి పెట్టెలు, కుర్చీలు, రోకళ్ళు ఉండే ఉంటాయి. అవి ఏ చెట్టువో తెలుసా? తెలియకపోతే మీ ఊరి వడ్రంగి పెద్దాయన్ని పిలిచి ఒకసారి అడగండి. చెట్టు పేరు మీ ఊళ్ళో ఏమంటారో కూడా రాసుకోండి. రాక్స్‌బర్గ్ మన పూర్వీకుల నోటి నుంచి విని రాసుకున్న పేర్లు మన నోళ్ళలోంచే పోతే ఏం బాగుంటుంది చెప్పండి?